కర్ణభేరి ఆపరేషన్ తర్వాత ఇంట్లో: తుమ్ములు, తలస్నానం, చెవిలో పసుపు గుడ్డ

తెల్లకాగితం

మా అమ్మకి (52 ఏళ్ళు) కుడి చెవికి టింపనోప్లాస్టీ (కర్ణభేరి చిల్లు మూసే ఆపరేషన్), దాంతోపాటే కార్టికల్ మాస్టాయిడెక్టమీ (చెవి వెనక ఎముకలోని గదుల్ని శుభ్రం చేసేది) చేశారు. కోత చెవి వెనక. తల చుట్టూ పెద్ద కట్టు, చెవి రంధ్రంలో పసుపు రంగు గుడ్డ ఉన్నాయి. రేపు డిశ్చార్జి. కాగితంలో మూడే ముక్కలు రాశారు: చెవి తడవకూడదు, ముక్కు చీదకూడదు, బరువు ఎత్తకూడదు. ఎందుకో, ఎన్నాళ్ళో లేదు.

అసలు భయం తుమ్ములతోనే. ఆవిడకి దుమ్ము అలర్జీ, పొద్దున లేస్తే వరసగా తుమ్ములే. కళ్ళజోడు లేకపోతే ఏమీ కనబడదు. తలస్నానం ఎప్పుడు, ఎలా? ఆపరేషన్ ముందుకన్నా ఇప్పుడే తక్కువ వినబడుతోంది అంటోంది, అది మామూలేనా? దేనికి కంగారు పడాలి, దేనికి అక్కర్లేదు? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

మూడోషిఫ్ట్

తెల్లకాగితం గారూ, మీరు సరైన చోటే భయపడుతున్నారు. చాలామంది చెవిలోకి నీళ్ళు పోకుండా నానా తంటాలు పడతారు, ముక్కు సంగతి మాత్రం మర్చిపోతారు. మొదటి మూడు వారాల్లో కర్ణభేరికి వేసిన అతుకు కదిలిపోయే ప్రమాదం బయటినుంచి కంటే లోపలినుంచే ఎక్కువ.

ఎందుకంటే, చెవి పైభాగంలో కణత కండరం మీద ఉండే పల్చటి పొరని తీసి (కొందరు చెవి ముందున్న మృదులాస్థి ముక్క వాడతారు) కర్ణభేరి చిల్లుకి లోపలివైపునుంచి ఆనిస్తారు. దానికి కుట్లు ఉండవు. కింద కరిగిపోయే జెల్ స్పాంజి ముక్కలు ఆసరాగా పెడతారు, పైన చెవి రంధ్రంలో ప్యాకింగ్ (మీరన్న పసుపు గుడ్డ) పెడతారు. తడి కాగితాన్ని గోడకి అంటించినట్టు అది అలా ఆనుకుని ఉంటుంది. చుట్టూ ఉన్న పాత పొరనుంచి రక్తనాళాలు పాకి పట్టు దొరకడానికి వారాలు పడుతుంది. ముక్కు వెనకనుంచి మధ్యచెవికి యూస్టేషియన్ గొట్టం ఉంది కదా, ముక్కు మూసుకుని గట్టిగా చీదితే ఆ గాలి నేరుగా వెళ్ళి అతుకు అంచుని లేపేస్తుంది.

కాబట్టి:

తుమ్ము ఆపకూడదు. ముక్కు నొక్కి నోరు మూసుకుని తుమ్మడమే అన్నిటికన్నా చెడ్డది. నోరు బాగా తెరిచి, ముక్కు వదిలేసి తుమ్మాలి. అలవాటు లేనివాళ్ళకి నిద్రమత్తులో ఇది గుర్తురాదు, అందుకే ఈరోజు నుంచే అభ్యాసం చేయించండి. దగ్గు కూడా నోరు తెరిచే.

ముక్కు కారితే రుమాలుతో అద్దడమే. గట్టిగా లోపలికి ఎగపీల్చడం కూడా వద్దు. చీదితే అతుకు బయటికి తోసుకొస్తుంది, ఎగపీలిస్తే లోపలికి లాక్కుపోతుంది, రెండూ నష్టమే. ముక్కు మూసుకుని గాలి ఊది చెవులు "టప్" మనిపించే అలవాటు ఉంటే అది పూర్తిగా బంద్. బుడగలు ఊదడం, పిల్లనగ్రోవి లాంటివి వాయించడం కూడా అంతే. సాధారణంగా ఈ నిషేధం 3 నుంచి 6 వారాలు ఉంటుంది, మీ సర్జన్ లోపల చూసి ఎత్తేస్తారు.

అలర్జీకి రోజూ వాడే మాత్ర, ముక్కు స్ప్రే ఏవైనా ఉంటే వాటి పేర్లు రేపు డాక్టరుకి చూపించి "ఇవి కొనసాగించాలా" అని అడిగి కాగితం మీద రాయించుకోండి. చాలాసార్లు కొనసాగించమనే అంటారు, ఎందుకంటే తుమ్ములు తగ్గడమే అతుక్కి మేలు. ఉప్పునీటి స్ప్రే మెల్లగా కొట్టుకోవచ్చు అంటారు గానీ, సీసాతో ఒత్తిడి పెట్టి ముక్కు కడిగే పద్ధతి ఇప్పుడు వద్దు. ముక్కు దిబ్బడకి జైలోమెటాజోలిన్ చుక్కలు ఇస్తే రాసిన రోజులే వాడాలి. వారం దాటి లాగితే మానేసినప్పుడు దిబ్బడ ఇంకా ఎక్కువవుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి.

బరువు విషయం కూడా ఇదే లెక్క. ఊపిరి బిగబట్టి ఎత్తినప్పుడు తలలో ఒత్తిడి పెరుగుతుంది. 4, 5 కిలోలు దాటనివ్వకండి. 15 లీటర్ల నిండు బకెట్ అంటే 15 కిలోలు, అది ముట్టుకోవద్దనాలి. కిందపడిన వస్తువు తీయాలంటే తల వంచకుండా మోకాళ్ళ మీద కూర్చుని తీయాలి.

ఎవరూ చెప్పని ఇంకోటి మలబద్ధకం. నొప్పికి ట్రమడాల్ లాంటివి ఇస్తే విరేచనం గట్టిపడుతుంది, అక్కడ ముక్కడం అంటే బరువు ఎత్తినట్టే. నీళ్ళు, పీచు ఉన్న ఆహారం సరిపోకపోతే మెత్తబరిచే సిరప్ అడిగి తీసుకోండి. మూడో రోజు దాకా ఆగి అప్పుడు వెతుక్కోవద్దు.

నీలిగోరింట

పైన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. కట్టు, గాయం, నీళ్ళ సంగతి నేను చెప్తాను.

తల చుట్టూ ఉన్న కట్టు మామూలుగా 24 నుంచి 48 గంటల్లో తీసేస్తారు. కట్టుతోనే ఇంటికి పంపితే ఎవరు, ఎప్పుడు తీయాలో అడగండి. బిగుతువల్ల కుడికన్ను రెప్ప కాస్త ఉబ్బొచ్చు, అది దిగిపోతుంది. కట్టు మీద రక్తపు మరక కనబడితే దాని అంచు చుట్టూ పెన్నుతో గీత గీయండి. గంట తర్వాత గీత దాటి పాకిందా లేదా చూస్తే చాలు, ఊహాగానాలు అక్కర్లేదు. గీత దాటి వేగంగా పెరుగుతున్నా, మెడమీదికి కారుతున్నా ఫోన్ చేయాలి.

చెవి వెనక కుట్లు కరిగేవా, తీసేవా అని అడగండి. తీసేవైతే 7 నుంచి 10 రోజులకి తీస్తారు. గాయం మీద ఆయింట్‌మెంట్ రాయమంటే సన్నటి గీతలా చాలు. మందంగా పూస్తే చర్మం నానిపోయి కుట్ల అంచులు తెల్లగా ఉబ్బుతాయి.

కళ్ళజోడు: కాడ సరిగ్గా కోత మీదే ఆనుతుంది. కోత మానేదాకా కుడికాడని చెవి వెనక్కి పోనివ్వకుండా, కణత మీద చర్మాన్ని గట్టిగా నొక్కని టేపుతో ఆపుకోవచ్చు. పాత జోడు ఉంటే ఆ ఒక్క కాడ విప్పేసి వాడటం ఇంకా తేలిక. మాస్కు పెట్టుకోవాల్సివస్తే చెవికి తగిలించేది కాకుండా తల వెనక ముడి వేసేది వాడాలి. హెల్మెట్ అసలే వద్దు. కమ్మలు తీసేయండి.

పడుకోవడం: రెండు దిండ్లు, తల 30 డిగ్రీలు ఎత్తులో ఉండాలి. వెల్లకిలా గానీ ఎడమ పక్కకి గానీ పడుకోవాలి. నిద్రలో కుడివైపు దొర్లకుండా వీపు వెనక తువ్వాలు చుట్ట పెట్టండి.

మెడ కింద స్నానం మర్నాటి నుంచే చేయొచ్చు. తల మాత్రం కుట్లు తీసేదాకా తడపొద్దని ఎక్కువమంది సర్జన్లు చెప్తారు, మీ సర్జన్ ముందే అనుమతిస్తే సరే. ఆ తర్వాత కూడా చెవి రంధ్రంలోకి చుక్క నీరు పోకూడదు. ఎలా చేయాలంటే:

శుభ్రమైన దూది తీసుకుని చెవి డిప్ప లోపలి గుంట నిండేంత ఉండ చేయండి. బయటివైపు మాత్రం వాజిలీన్ దట్టంగా పూయండి. దాన్ని గుంటలో కూర్చోబెట్టడమే, రంధ్రంలోకి దూర్చకూడదు. దూర్చితే లోపలి ప్యాకింగ్ అతుకు మీదికి ఒత్తుకుంటుంది. వాజిలీన్ లేని ఉత్త దూది పెడితే నీటిని పీల్చి లోపలికే చేరవేస్తుంది, అది పెట్టినా ఒకటే పెట్టకపోయినా ఒకటే. పైనుంచి ఒక చిన్న ప్లాస్టిక్ గ్లాసు చెవి మీద బోర్లించి అమ్మగారినే పట్టుకోమనండి. కుర్చీలో కూర్చోబెట్టి తల వెనక్కి వాల్చి, వెనకనుంచి ఇంకొకరు మగ్గుతో గోరువెచ్చటి నీళ్ళు పోయాలి. షవర్ కింద నిలబడి చేసే స్నానం ఇప్పుడు కాదు. జుట్టుని తువ్వాలుతో అద్ది ఆరబెట్టాలి, రుద్దొద్దు. తర్వాత దూది తీసి పారేయండి.

ఈతకొలనుల్లో వాడే రబ్బరు, ఫోమ్ చెవి బిరడాలు ప్యాకింగ్ ఉన్నన్నాళ్ళూ వాడకూడదు, అవి రంధ్రంలోకి దిగుతాయి. ఇయర్‌బడ్స్ అంతే, పాటల కోసమైనా చెవి తుడవడానికైనా.

తెల్లకాగితం

ఇద్దరికీ చాలా థాంక్స్ అండీ. గాయంలోంచి రసి వస్తే రోజంతా దూది పెట్టి ఉంచాలా? ఆ పసుపు గుడ్డ ఒక రకం వాసన వస్తోంది, కొస కాస్త బయటికి వేలాడుతోంది కూడా. దాన్ని లోపలికి నెట్టాలా? నాలుక కుడివైపు ఇనుప రుచి అంటోంది. ఇంటికి వెళ్ళాక చుక్కలు కూడా వేయాలట.

ఏటవాలు

నెట్టకండి, లాగకండి. ఈ రెండూ గుర్తుంటే గుడ్డతో సగం ఇబ్బంది తీరినట్టే.

ఆ పసుపు గుడ్డ బహుశా బిప్ పట్టించిన సన్నటి గాజ్ (కట్లు కట్టే పల్చటి గుడ్డ) రిబ్బన్. బిప్ అంటే బిస్మత్, అయడోఫామ్, పారఫిన్ కలిపిన పేస్టు. ఆ ఘాటు వాసన అయడోఫామ్‌ది, కుళ్ళుది కాదు. సర్జన్ పద్ధతిని బట్టి 1 నుంచి 3 వారాలకి తీస్తారు. కొస వేలాడుతుంటే పైన దూది కప్పి వదిలేయండి. పొడుగ్గా జారి జుట్టుకీ దిండుకీ తగులుతుంటే డాక్టరుకి ఫోన్ చేసి, ఆయన సరే అంటే వేలాడే ముక్క మాత్రం కత్తిరించండి, పట్టుకోవడానికి ఒక సెంటీమీటరు మిగిల్చి. మొత్తం ఊడి వచ్చేస్తే తిరిగి పెట్టే ప్రయత్నం చేయకుండా శుభ్రమైన దూది అడ్డం పెట్టి ఆరోజే ఆసుపత్రికి చెప్పండి. రక్తం ధారగా రాకపోతే అర్ధరాత్రి పరుగెత్తక్కర్లేదు.

ఒక్క మినహాయింపు: చెవి చుట్టూ చర్మం ఎర్రబడి, విపరీతంగా దురదపెట్టి, చిన్న పొక్కులు వచ్చి రసి కారితే అది బిప్ పడకపోవడం కావచ్చు. అప్పుడు తేదీ దాకా ఆగకూడదు, ముందే తీయించాలి.

దూది రోజంతా ఎందుకు? నీలిగోరింట గారు స్నానం గురించి చెప్పింది సరిగ్గా ఉంది, కానీ వాజిలీన్ దూది స్నానానికే. మిగతా వేళ పొడి దూది, అదీ కారుతుంటేనే, తడిసినప్పుడల్లా మార్చాలి. మొదటి కొన్ని రోజులు ఎర్రగా, తర్వాత గోధుమ రంగులో కాస్త రసి రావడం మామూలే. కారడం ఆగాక దూది తీసేసి చెవికి గాలి తగలనివ్వండి. చీకటిగా, వెచ్చగా, తడిగా మూసి ఉంచితే బూజు పడుతుంది.

చుక్కలు ఎప్పటినుంచి వేయాలో కచ్చితంగా అడగండి. కొందరు గుడ్డ తీశాక మొదలుపెట్టిస్తారు, కొందరు ముందే. సీసాని పిడికిట్లో రెండు మూడు నిమిషాలు పట్టుకుని ఒంటి వేడికి తెచ్చాకే వేయాలి. చల్లటి చుక్క లోపల పడితే లోపలిచెవిలో ద్రవం కదిలి గది గిర్రున తిరుగుతుంది. ఎడమ పక్కకి పడుకోబెట్టి, రాసినన్ని చుక్కలు రంధ్రం గోడ వెంట జారేలా వేసి, 5 నిమిషాలు అలాగే ఉంచండి. చెవిని పైకి వెనక్కి లాగి వేయమని మామూలుగా చెప్పే పద్ధతి ఇక్కడ వద్దు, వెనక కోత ఉంది. సీసా మూతి చర్మానికి తగలకూడదు. చుక్కల చేదు గొంతులో తెలిస్తే తర్వాతి చూపుకి ఆ మాట తప్పకుండా చెప్పండి, కర్ణభేరి ఇంకా పూర్తిగా మూసుకోలేదేమో అని వాళ్ళు చూస్తారు. ఇంట్లో పాత సీసాలు ఉంటే పారేయండి. జెంటమైసిన్, నియోమైసిన్ ఉన్నవి మధ్యచెవిలోకి దిగితే లోపలిచెవిలోని వినికిడి కణాలకే హాని చేయగలవు. నూనెలు, ఆకురసాలు ఏవీ వద్దు.

ఇనుప రుచికి కారణం: నాలుక ముందుభాగానికి రుచి తెచ్చే సన్నటి నరం కర్ణభేరి లోపలివైపునుంచే పోతుంది. పనిచేసేటప్పుడు అది కదిలినా సాగినా అదే పక్క నాలుక మీద ఇలా తెలుస్తుంది. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి తగ్గుతుంది. చెవి డిప్ప పైభాగం మొద్దుబారడం కూడా అలాంటిదే, కోతలో చిన్న చర్మనరాలు తెగుతాయి. స్పర్శ లేని చోట వేడి తెలియదు, కాబట్టి హెయిర్ డ్రయ్యర్‌గానీ కాపడంగానీ ఆ పక్క పెట్టొద్దు. నమిలితే దవడ దగ్గర నొప్పి ఉంటే కణత కండరం మీదినుంచి పొర తీసినందుకు. నాలుగు రోజులు మెత్తటి తిండి పెట్టండి.

వినికిడి తగ్గినట్టుండటం ఇప్పుడు లెక్కలోకి రాదు. రంధ్రంలో గుడ్డ, లోపల జెల్ స్పాంజి, నెత్తురు గడ్డ ఉండగా శబ్దం ఎలా పోతుంది? నీళ్ళలో ఉన్నట్టు, గుండె కొట్టుకుంటున్నట్టు, చిటపటలాడినట్టు వినబడటం కూడా అందుకే. ఇంట్లో చూసుకోగల చిన్న సూచన ఒకటుంది: నోరు మూసుకుని "మ్‌మ్" అని మూలగమనండి. మూసుకుపోయిన చెవిలో, అంటే ఆపరేషన్ అయిన వైపు, ఆ శబ్దం ఎక్కువగా వినబడాలి. అది ఎడమవైపుకి మారిపోయి, పైగా తల తిరుగుతుంటే లోపలిచెవి సంగతి చూడాలి, డాక్టరుకి చెప్పండి. ఇది పక్కా పరీక్ష కాదు, ఆసుపత్రిలో చేసే వినికిడి పరీక్ష ఆడియోగ్రామ్‌కి బదులు అసలే కాదు.

ఇక కంగారు పడాల్సినవి. మొదటిది ముఖం. ముఖానికి పోయే నరం ఈ ఎముకలోంచే వెళ్తుంది. రోజూ పొద్దున కళ్ళు గట్టిగా మూయమని, పళ్ళు చూపించమని, కనుబొమ్మలు ఎత్తమని అడగండి. రెండు వైపులూ ఒకేలా లేకపోతే అదేరోజు ఆసుపత్రికి. ఆపరేషన్ బల్లమీదినుంచి దిగేటప్పుడు బాగుండి, వారం తర్వాత వంకరపోవడం కూడా జరుగుతుంది, "అప్పుడు బాగానే ఉందిగా" అని ఆగొద్దు.

వీటికి కూడా ఆగకూడదు: జ్వరం 38 డిగ్రీల సెల్సియస్ దాటడం, తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరగడం, చెవి వెనక మెత్తగా ఉబ్బి డిప్పని ముందుకి తోయడం, చిక్కటి దుర్వాసన చీము, గది తిరిగినట్టు కళ్ళు తిరిగి వాంతులు, చెవిలోంచి గానీ ముక్కులోంచి గానీ నీళ్ళలాంటి తేట ద్రవం కారడం. తీవ్రమైన తలనొప్పితో మెడ బిగిసినా, వెలుతురు చూడలేకపోయినా, మాట తడబడినా నేరుగా అత్యవసర విభాగానికే.

మూడోషిఫ్ట్

నొప్పి మందు గురించి ఒక మాట. పెద్దవాళ్ళకి పారాసెటమాల్ 500 మిల్లీగ్రాముల నుంచి 1 గ్రాము, ఆరు గంటలకోసారి, 24 గంటల్లో 4 గ్రాములకి మించకూడదు. బరువు తక్కువున్నా, కాలేయం జబ్బు ఉన్నా అంతకన్నా తక్కువే. జలుబు మాత్రల్లోనూ ట్రమడాల్ కలిపిన మాత్రల్లోనూ పారాసెటమాల్ ఉంటుంది, అవి కూడా లెక్కలో వేయాలి. ఆస్పిరిన్ సొంతంగా వేయొద్దు. రక్తం పల్చబరిచే మందులు ఇంతకుముందు వాడుతుంటే ఏ తేదీనుంచి మళ్ళీ మొదలుపెట్టాలో సర్జనే చెప్పాలి. యాంటీబయాటిక్ రాసినన్ని రోజులూ పూర్తిచేయాలి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే బయట తాగమనండి, పొగ ముక్కు వెనక గొట్టాన్ని వాపెక్కిస్తుంది.

తెల్లకాగితం

ఆఖరి ప్రశ్న అండీ. ఐదో వారంలో విమానంలో వెళ్ళాల్సిన పని ఉంది. వాయిదా వేయాలా? వినికిడి పరీక్ష ఎప్పుడు చేస్తారు?

ఏటవాలు

టికెట్ మార్చుకునే వీలున్నదైతేనే తీసుకోండి. చాలామంది సర్జన్లు 4 నుంచి 6 వారాలు ఆగమంటారు, మీది సరిగ్గా ఆ మధ్యలో పడింది. నాలుగో వారం చూపుకి వెళ్ళినప్పుడు అతుకు పట్టిందా, ముక్కు గొట్టం పనిచేస్తోందా అని మైక్రోస్కోపుతో చూసి చెప్తారు. విమానం ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడే చెవికి కష్టం. అప్పుడు నిద్రపోనివ్వకుండా గుటకలు మింగించాలి, ఆవలించమనాలి, ముక్కు మూసి ఊదడం అప్పుడు కూడా నిషేధమే. ఆరోజు జలుబు ఉంటే ప్రయాణం మానుకోవడమే నయం.

ఆడియోగ్రామ్ సాధారణంగా 2, 3 నెలలకి చేస్తారు. అంతకుముందు చేస్తే లోపల కరగని స్పాంజి లెక్క తప్పిస్తుంది. ఈత కూడా ఆ తర్వాతే, అదీ అడిగాకే.

నీలిగోరింట

రేపు బయల్దేరేముందు ఇవి రాయించుకోండి: గుడ్డ తీసే తేదీ, కుట్లు కరిగేవా తీసేవా, చుక్కలు మొదలుపెట్టే రోజు, అలర్జీ మందులు కొనసాగించాలా, రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు. ఇంకోటి, ఫలానా పేరున్న ఆపరేషన్ చేశాం అని డిశ్చార్జి కాగితంలో పూర్తిగా రాశారో లేదో చూడండి. చెవి రంధ్రం వెనక గోడ తీసేసే రకం మాస్టాయిడెక్టమీ అయితే లెక్క వేరు: అక్కడ ఏర్పడే గుంట ఆరడానికే రెండు మూడు నెలలు పడుతుంది, ఆ తర్వాత కూడా ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి జీవితాంతం శుభ్రం చేయించుకోవాలి. అమ్మగారిది కార్టికల్ అన్నారు కాబట్టి ఆ బాధ లేదు.